గుంటూరు ఆకు, ఢిల్లీ శాఖ



ఎగుమతులు, వాణిజ్య శాఖ అనగానే "అవన్నీ మగవాళ్ళు పేపరు పట్టుకుని చెప్పుకునే కబుర్లు, మనకెందుకమ్మా!" అనుకుంటాం. కాని ఢిల్లీలోని ఆ శాఖ కింద పనిచేసే ఒక పెద్ద సంస్థకు ప్రధాన కార్యాలయం మన గుంటూరులోనే ఉంది. దాని పేరు పొగాకు బోర్డు. ఎగుమతుల కోసం ప్రభుత్వం ఏం చేయగలదో, ఎక్కడ దాని చెయ్యి ఆగిపోతుందో తెలుసుకోవాలంటే ఈ బోర్డు కథ చాలు.

పొగాకు మొదట మన దేశపు మొక్క కాదు. పోర్చుగీసు వర్తకులు తెచ్చారు. గోదావరి లంకల్లో పండిన ఆకును చుట్టలు చుట్టుకుని మన తాతలు కాల్చారు. ఉత్తర కోస్తాలో అమ్మమ్మలయితే నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగే పీల్చారు! సిగరెట్టుకు పనికివచ్చే వర్జీనియా రకం మాత్రం 1920ల నాటికి గుంటూరు జిల్లాలో పాతుకుంది.

ఈ పంటలో ఆడవాళ్ళ చెయ్యి పడని పని తక్కువ. నాట్లు వేసేదీ, కోసిన పచ్చి ఆకును కర్రలకు కట్టేదీ, బ్యారన్‌లో వేడికి పసుపుపచ్చగా మారిన ఆకును రంగు చూసి, నాణ్యం చూసి వేరుచేసేదీ ఎక్కువగా వాళ్ళే. తడి ఆకులోని విషం చర్మం గుండా ఎక్కితే తల తిరుగుతుంది, వాంతులవుతాయి. అయినా కూలి కోసం చేస్తారు.

ఇంత కష్టపడ్డ ఆకు ధర ఎవరు చెప్పేవారు? వర్తకుడు. రైతు బండి కట్టుకుని గోడౌనుకు తోలుకుపోతే, "ఇది రెండో రకం" అని ఆయన అంటే రెండో రకమే. డబ్బు ఎప్పుడిస్తే అప్పుడే. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం చేసినట్టు, పక్కవాడికి ఎంత వచ్చిందో ఇతనికి తెలిసేది కాదు.

అప్పట్లో బ్రిటన్ మన ఆకుకు పెద్ద గిరాకీదారు. సామ్రాజ్యపు రోజులనాటి సుంకం రాయితీ ఉండేది. 1973లో బ్రిటన్ యూరపు దేశాల ఆర్థిక కూటమిలో చేరాక ఆ పాత రాయితీకి కాలం చెల్లింది. విదేశీ మారకం కావాలంటే ఒక కట్టుదిట్టం ఉండాలని పార్లమెంటు 1975లో చట్టం చేసింది. 1976 జనవరి 1న బోర్డు ఏర్పడింది.

బోర్డు పనేమిటి? విదేశాల్లో, స్వదేశంలో ఎంత గిరాకీ ఉందో అంచనా కట్టి, అంతకు మించి పండించకుండా రైతులను నమోదు చేయడం, బ్యారన్లకు లైసెన్సులివ్వడం, బయటి దేశాల్లో కొనేవాళ్ళను వెతకడం. కాని నా మటుకు నాకు దాని అసలు ఘనకార్యం వేలం. 1984లో కర్ణాటకలో, 1985లో మన రాష్ట్రంలో మొదలైంది. ఒంగోలు, కందుకూరు, జంగారెడ్డిగూడెం లాంటి చోట్ల బేళ్ళు వరసగా పెడతారు. కొనేవాళ్ళు పోటీపడి, అందరికీ తెలిసేలా ధర కడతారు. ధర నచ్చకపోతే రైతు "ఇవ్వను" అనవచ్చు. డబ్బు బోర్డు ద్వారా బ్యాంకుకు వస్తుంది. తువ్వాలు తీసేసినట్టయింది చూశారా!

అయితే ధర అందరికీ కనపడడం వేరు, గిట్టడం వేరు. మన ఆకు బాగా కొన్న సోవియట్ యూనియన్ 1991లో ముక్కలైపోతే ఇక్కడ రైతు గుండె గుభేలుమంది. 2000-01లో ఆంధ్రలో ఆ పంటకు ఏడాదిపాటు సెలవే ప్రకటించారు. 2015లో ధర పడిపోయి ప్రకాశం జిల్లాలో కొందరు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. కొనేవాడు రాకపోతే ఏ శాఖ మాత్రం ఏం చేస్తుంది? కొంత ఆదుకోగలదు, పరాయి దేశంలో గిరాకీని పుట్టించలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2003లో మన పార్లమెంటే పొగాకు ప్రకటనలను నిషేధించింది, పిల్లలకు అమ్మకూడదంది. పెట్టెల మీద హెచ్చరిక బొమ్మలు వేయిస్తున్నదీ ప్రభుత్వమే. ఒక శాఖ ఆకును అమ్మిపెడుతుంటే, మరో శాఖ "ముట్టుకోకండి" అంటుంది. రెండూ ఒక ఇంటి కోడళ్ళే! వాళ్ళ మాట ఎప్పుడు కలుస్తుందో గాని, ఈలోగా ఆ ఆకు మీద బతికే ఇళ్ళకు వేరే పంట, వేరే పని చూపించాలి కదా?

ఆ చూపించేటప్పుడు భూమి ఉన్న రైతును మాత్రమే లెక్కలోకి తీసుకుంటే చాలదు. బోర్డు దగ్గర నమోదయ్యేది ఆయన పేరే. ఆకు ఏరిన ఆడకూలీ పేరు ఆ పుస్తకంలో ఉండదు. పంట ఆగితే ముందు పని పోయేది ఆమెకే. ఇన్ని కోట్ల ఎగుమతి జరిగిందని ఈసారి వార్తల్లో విన్నప్పుడు, అందులో ఆమె వాటా ఎంతో మన ఇంట్లో పేపరు చదివేవారిని ఒక్కమాట అడిగి చూడండి.