మూట వ్యాపారి నుంచి వాట్సాప్ దాకా మన ధర్మవరం చీర

పోయిన దసరా ముందు నేనొక తప్పు చేశాను. ఊరికే చెబితే చిన్న విషయమే అనిపిస్తుంది. అందుకే కాస్త వెనక్కి వెళ్లి మొదలుపెడతాను, ఓపిగ్గా వినండి.

మా అనంతపురం సీమ సంగతి మీకు తెలిసిందే. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. వేరుశెనగ వేసి ఆకాశం వైపు చూస్తూ కూర్చునే నేల. ఈ నేల మీద వాన కోసం చూడకుండా ఇంటికింత గింజ తెచ్చిన పనుల్లో ధర్మవరం మగ్గం ఒకటి. 2022 ఏప్రిల్‌లో ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది కానీ, మా నోట మాత్రం ఇంకా ‘మా అనంతపురం చీరే’.

మా అవ్వ కాలంలో చీర ఇంటికే వచ్చేది. వ్యాపారి భుజాన మూటతో వీధిలోకి వచ్చి అరుగు మీద విప్పేవాడు. చుట్టుపక్కల ఆడవాళ్లంతా చేరి, వేళ్లతో నలిపి, ఎండకు పెట్టి చూసి, బేరమాడేవాళ్లు. ‘పంటొచ్చినాక ఇస్తాంలేప్పా’ అంటే పుస్తకంలో రాసుకుని పోయేవాడు. చీర బాగా లేకపోతే మళ్లీ వచ్చినప్పుడు నిలదీయొచ్చు. మనిషి ఎదురుగా ఉన్నాడు కాబట్టి నమ్మకం ఉండేది.

మరి ముఖం చూడని మనిషి దగ్గర కొనేదెట్లా? దానికి మన దేశంలో తపాలా శాఖ 1877లోనే దారి చూపింది. అదే వి.పి.పి. పోస్ట్‌మ్యాన్ పార్శిల్ తెస్తాడు, మనం డబ్బు కడతాం, ఆ డబ్బు అమ్మినవాడికి చేరుతుంది. ‘వి.పి.పి. ద్వారా పంపబడును’ అన్న మాట పాత తెలుగు పత్రికల ప్రకటనల్లో మీలో చాలామంది చూసే ఉంటారు. పుస్తకాలూ మందులూ అట్లా పల్లెలకు చేరాయి. దీంట్లో ఒక మెలిక ఉంది. కొన్నవాళ్లు ‘మాకొద్దు’ అంటే పార్శిల్ తిరిగి వెళ్లేది. పోస్టు ఖర్చు పంపినవాడి నెత్తిన పడేది.

ఇప్పుడు 2007కు రండి. ఆ ఏడాది బెంగళూరులో ఫ్లిప్‌కార్ట్ మొదలైంది. వాళ్ల మొదటి ఆర్డరు ఎక్కడినుంచో తెలుసా? అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్ నుంచి! ఒక పాఠకుడు పుస్తకం తెప్పించుకున్నాడు. వాళ్లు పుస్తకాలతో మొదలుపెట్టడంలో తెలివి ఉంది. ఒక పుస్తకం బెంగళూరులో కొన్నా బళ్లారిలో కొన్నా అవే పేజీలు. తాకి చూసే పని లేదు. 2010లో వాళ్లే క్యాష్ ఆన్ డెలివరీ తెచ్చారు. అందరూ కొత్త అన్నారు కానీ, అది మన అవ్వల కాలపు వి.పి.పి.నే కదా!

ఆ తర్వాత అమ్మకం రకరకాలైంది. సరుకు తామే కొని నిల్వ పెట్టి అమ్మేది ఒక పద్ధతి. సంతలాగా చోటిచ్చి, ఎవరి అంగడి వాళ్లు పెట్టుకోమని కమీషన్ తీసుకునేది ఇంకో పద్ధతి. 2015లో వచ్చిన మీషో మూడో దారి పట్టింది. మనలాంటి గృహిణులు ఫోటోలు వాట్సాప్‌లో పంపి, పైన తమ లాభం కలుపుకుని అమ్మొచ్చు. 2016లో యూపీఐ వచ్చాక మధ్యలో ఎవరూ లేకుండా నేసినవాళ్లే అమ్మే వీలు కలిగింది. 2020 లాక్‌డౌన్‌లో అంగళ్లు మూతపడి చీరలు ఇళ్లల్లో ఉండిపోయినప్పుడు ఎన్నో నేత కుటుంబాలు ఫోటో తీసి పంపడం నేర్చుకున్నాయి.

నేను చీర కొన్నది అట్లాంటి ఒక ఇంటి దగ్గరే. ఫోటోలో మంచి ఆకుపచ్చ. ఇంటికొచ్చి విప్పితే నీలం! అంచు పక్కన వరసగా సన్నటి సూది రంధ్రాలు కూడా. మోసపోయాననుకున్నాను. ‘ఇది నేను అడిగిన చీర కాదు’ అని కోపంగా మెసేజ్ పెట్టి, తిరిగి పంపేశాను. ఆ ఇల్లాలు ఒక్క మాట అన్లేదు. ‘సరే అక్కా’ అని, డబ్బు అదే రోజు వేసింది.

పండక్కి మా పెద్దమ్మ వచ్చినప్పుడు ఆ ఫోటో చూపించాను. ఆమె తల కొట్టుకుంది. ‘ఇది నెమలికంఠం కదమ్మా! పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. ఇట్లా తిప్పితే పచ్చ, అట్లా తిప్పితే నీలం. ధర్మవరం అందమే అది’ అంది. ఆ రంధ్రాలు నేసేటప్పుడు గుడ్డ వెడల్పు సాగకుండా, ముడుచుకోకుండా పట్టి ఉంచే కర్ర సూదులవట. చేత్తో నేశారనడానికి అదొక గుర్తు. నేను లోపమన్నది చేనేతకు సాక్ష్యం!

చేనేతను కాపాడటానికి 1985లో చట్టమే వచ్చింది. కొన్ని రకాల వస్త్రాలు చేతిమగ్గానికే అని కేటాయించారు. ధర్మవరం చేనేత పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయినా తెర మీద మరమగ్గం చీర, చేతిమగ్గం చీర ఒకటిగానే మెరుస్తాయి. తక్కువ ధరకు వచ్చేదాన్ని చూసి మనమే ‘ఇదెందుకంత ఎక్కువ’ అంటాం. 150 ఏళ్లలో పోస్టు మారింది, ఫోను వచ్చింది. కానీ ‘మాకొద్దు’ అన్నప్పుడు నష్టం పడేది ఇప్పటికీ పంపినవాళ్ల మీదే. రోజుల తరబడి నేసిన ఇంట్లో ఒక చీర తిరిగొస్తే రానూపోనూ కొరియరు ఖర్చొక్కటే కాదు, పండగ బేరం కూడా పోతుంది.

అందుకే ఇప్పుడు కొనేముందు నేను కొన్ని అడుగుతున్నాను. ఫోటో కాదు, ఎండలో చీర తిప్పి చూపించే వీడియో. పడుగు ఏ రంగు, పేక ఏ రంగు. సిల్క్ మార్క్ ఉంటే పట్టు స్వచ్ఛమైనదని అర్థం, చేనేత అని కాదు. చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది. పెద్ద సైట్లలోనైతే అమ్మేవాళ్ల పేరు, చిరునామా చూస్తాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అవి చూపించాలి.

పండగ అయ్యాక ఆ ఇల్లాలికి ఫోన్ చేసి, ‘తప్పు నాదే, ఆ చీర మళ్లీ పంపుతావా తల్లీ’ అని అడిగాను. ‘అమ్ముడుపోయింది అక్కా, తక్కువకే ఇచ్చేశాం’ అంది. ఎంత తక్కువకని అడగడానికి నాకు నోరు రాలేదు. సంక్రాంతికి ఇంకో నెమలికంఠం నేయమని చెప్పి, ఈసారి డబ్బు ముందే వేశాను.