పిలవని శ్రుతి

గత ఉగాదికి మన సంఘం పిల్లలు ఒక వాద్యగోష్ఠి తలపెట్టారు. ఒక ఎలక్ట్రిక్ గిటారు, ఒక ఎలక్ట్రిక్ మాండొలిన్, కీబోర్డు, తబలా, పాడటానికి ఇద్దరు అమ్మాయిలు. దుబాయిలో అద్దెకు తీసుకున్న ఒక హాల్లో రిహార్సలు. తీగలన్నీ తగిలించి ఆంప్లిఫయరు స్విచ్చి వేశారో లేదో, ఎవరూ ఏమీ మీటకముందే గుంయ్యని ఒక రొద మొదలైంది. పాడే అమ్మాయిల్లో చిన్నది చెవి ఒగ్గి విని, "అంకుల్, తంబురా పెట్టలేదు కదా, ఈ శ్రుతి ఎక్కణ్ణుంచి వస్తోంది?" అని అడిగింది. అందరం నవ్వాం. ఆ అమ్మాయి ఎంత సరిగ్గా అడిగిందో తరువాత గాని మాకు తట్టలేదు.

రొదకు తలా ఒక మందు చెప్పారు. ఒక పెద్దాయన, "ఎందుకండీ ఇంత శ్రమ? ప్లగ్గులో ఎర్తు పిన్నుకు వెళ్ళే తీగ పీకెయ్యండి, టక్కున ఆగుతుంది. మా ఊళ్ళో మైకుసెట్టువాళ్ళు అదే చేసేవారు" అన్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. చాలాసార్లు ఆగుతుంది. అయినా మేము ఒప్పుకోలేదు. "పాటల సంగతి డాక్టరుగారికెందుకు" అని ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు. ఆ పూట సరిగా జవాబు చెప్పలేకపోయాం. ఆ జవాబే ఈ వ్యాసం.

ముందు ఆ రొద పుట్టుక చూద్దాం. గోడలో ఉండే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఇక్కడా అంతే, మన దేశంలోనూ అంతే. అమెరికాలో అది 60. 1890 ప్రాంతాల్లో అమెరికాలో వెస్టింగ్‌హౌస్ వారు 60 పట్టుకుంటే, జర్మనీలో ఏ.ఇ.జి. వారు 50 పట్టుకున్నారు. తక్కిన ప్రపంచం ఎవరి యంత్రాలు కొంటే వారి లెక్కలోకి వెళ్ళింది. దుబాయిలో 1959లో షేక్ రాషిద్ ఉత్తర్వుతో ఎలక్ట్రిసిటీ కంపెనీ ఏర్పడి, 1961లో సరఫరా మొదలుపెట్టింది. 1992లో అది నీటి శాఖతో కలిసి నేటి దేవా అయింది. 50 సైకిళ్ళ ఊపు మాత్రం మారలేదు.

ఇప్పుడు హార్మోనియం తీసుకోండి. మనం అయిదో శ్రుతి అనే తెల్లమెట్టు మంద్రంలో 49 సైకిళ్ళు, దానిపై స్థాయిలో 98, ఆ పైన 196. కరెంటు రొద 50, దాని రెట్టింపు 100, ఆ పైన 200. అంటే మన గోడల్లోని కరెంటు అయిదో శ్రుతికి రవ్వంత పైగా ఎడతెగకుండా పాడుతూనే ఉంటుంది! మన అమ్మాయిలు పాడేది అయిదు శ్రుతికే. వారి షడ్జం 196, పక్కన రొద 200. ఈ రెండూ కలిస్తే సెకనుకు నాలుగుసార్లు ధ్వని లేస్తూ పడుతూ ఊగిసలాడుతుంది. శుద్ధంగా పాడేవాళ్ళకు కూడా తమ శ్రుతే తప్పిందేమో అనిపిస్తుంది. ఆ చిన్నది తంబురా అనుకోవడంలో వింతేముంది?

ఈ పోరు గిటారుతో మొదలైంది కాదు. తొలుత బాధపడినవారు టెలిఫోనువారు. ఒంటి తీగ వేసి, రెండో తీగ పని భూమి చేత చేయించుకునే రోజుల్లో పక్కనున్న టెలిగ్రాఫు తీగల చప్పుడంతా ఫోనులోకి వచ్చేది. 1881లో గ్రాహం బెల్ ఒక పేటెంటు తీసుకున్నాడు. ఉపాయం ఎంతో తేలిక. రెండు తీగలు తీసుకుని జడలా మెలిపెట్టాలి. బయటి చప్పుడు రెంటిలోనూ సమానంగా పడుతుంది. వినే యంత్రం రెంటికీ గల తేడాను మాత్రమే వింటుంది. సమానమైనది కొట్టుకుపోతుంది, మాట మిగులుతుంది. దొంగను గుమ్మంలో ఆపడం చేతకాకపోతే, రెండు గదుల్లోకీ సమానంగా రానిచ్చి లెక్కలో కొట్టివేయడమన్నమాట. తక్కిన కథంతా ఈ ఒక్క ఉపాయం మళ్ళీ మళ్ళీ పుట్టిన కథే.

రెండోసారి పుట్టింది మా వైద్యుల ఇంట్లో. హాలండులో లైడెన్ నగరంలో ఐంథోవెన్ అనే శరీరశాస్త్ర ఆచార్యుడు 1901లో గుండె కరెంటును కొలిచే యంత్రం ఒకటి ప్రకటించాడు. అందులో ఉన్నదేమిటి? బలమైన అయస్కాంతం నడుమ బిగించిన ఒక సన్నని తీగ, వెండిపూత పూసిన స్ఫటికపు పోగు. రోగి చేతులూ కాలూ ఉప్పునీటి తొట్లలో ముంచితే, గుండె పుట్టించే అల్పమైన కరెంటుకు ఆ తీగ కదిలేది. ఎలక్ట్రిక్ గిటారులో ఉన్నదీ తీగా అయస్కాంతమే. గిటారులో తీగ కదిలితే కరెంటు పుడుతుంది, ఐంథోవెన్ యంత్రంలో కరెంటు వస్తే తీగ కదులుతుంది. ఈ పనికే ఆయనకు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది.

తరువాత వాల్వు ఆంప్లిఫయర్లు వచ్చాయి. గుండె కరెంటుతో పాటు గోడ కరెంటునూ అవి పెంచి చూపాయి. 1930లలో ఇంగ్లండులో మాథ్యూస్, జర్మనీ ఇంజనీరు టోనీస్, అమెరికాలో ఒటో ష్మిట్ వేరువేరుగా ఒకే దారి పట్టారు. రెండు చోట్ల నుంచి తీసుకుని తేడాను మాత్రమే పెంచే ఆంప్లిఫయరు అది. బెల్ జడ ఇక్కడ వాల్వుల రూపం ఎత్తింది. ఇప్పటికీ ఇ.సి.జి. తీసేటప్పుడు కుడికాలికి ఒక తీగ పెడతాం. అది గుండెను చూడటానికి కాదు, ఈ రొదను అణచడానికి. మేము చదువుకునే రోజుల్లో ఆ తీగ సరిగా అంటకపోతే కాగితం మీద సన్నని గీతకు బదులు రంపపు పళ్ళలాంటి మందపాటి గీత పడేది. "ఇది రోగి గుండె కాదురా, గోడ గుండె" అనేవారు మా మాస్టారు.

మూడోసారి గిటారు వంతు. 1931లో అమెరికాలో బోషాంప్, రికెన్‌బాకర్ కలిసి అయస్కాంతం, తీగచుట్టతో పనిచేసే తొలి గిటారు తయారుచేశారు. మూకుడులా ఉందని దానికి వేపుడు పెనం అని ముద్దుపేరు. తీగలను వినేందుకు పెట్టిన ఆ చుట్టే చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్లను, ట్యూబులైట్లను కూడా ఆలకించింది. పాతికేళ్ళపాటు వాయిద్యగాళ్ళు ఆ రొదతోనే కాపురం చేశారు. 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ పేటెంటుకు అర్జీ పెట్టుకున్నాడు, 1959లో అది మంజూరైంది. ఒక చుట్టకు బదులు రెండు చుట్టలు. వాటి అయస్కాంతాలు ఎదురెదురు ముఖాలు, కలపడమూ ఎదురెదురుగానే. తీగ పలుకు రెండుసార్లు తిరగబడి కూడికవుతుంది. గోడ రొద ఒక్కసారే తిరగబడి తీసివేతలో పోతుంది. 1957 నుంచి అది గిబ్సన్ గిటార్లలో వచ్చింది. అయినా 1954 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో ఉన్న ఒంటి చుట్టల మిలమిలలాడే నాదాన్ని ఇష్టపడేవారు రొదను భరిస్తూ నేటికీ దానితోనే ఉన్నారు. రొదను పూర్తిగా వదిలించుకోవడానికి కొంత నాదం చెల్లించాలి మరి.

మన తెలుగువారికి ఈ కథలో ఒక పెద్ద పాత్ర ఉంది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవంలో తొలి కచేరీ చేశాడు. అప్పటికి తొమ్మిదేళ్ళవాడు. మామూలు మాండొలిన్ మీద మీటిన స్వరం టక్కున ఆగిపోతుంది. గమకం పలకాలంటే స్వరం నిలవాలి. ఆయన జంట తీగల స్థానంలో అయిదు ఒంటి తీగలు పెట్టి, ఎలక్ట్రిక్ మాండొలిన్ చేపట్టాడు. ఆంప్లిఫయరు సాయంతో మీటు సన్నగిల్లాక కూడా స్వరం వినబడింది, ఆ మిగులు మీద గమకం నడిచింది. 2014లో నలభై అయిదేళ్ళకే ఆయన కన్నుమూశారు. ఎలక్ట్రిక్ వాద్యం మన సంగీతానికి పరాయిదని ఇప్పుడెవరూ అనరు. అయితే ఒక చిక్కు ఉంది. సన్నని గమకం వినబడేటంత పెంచితే సన్నని రొదా వినబడుతుంది. పైగా మన సంగీతంలో ఆధారశ్రుతి ఆగకుండా మోగుతుంది గనుక, రెండో శ్రుతికి చోటే లేదు.

ఇక మా హాలు సంగతికి వద్దాం. రోగిని చూసినట్టే చూశాం. ముందు గిటారు వాల్యూం సున్నాకు తిప్పించాం. రొద తగ్గింది గాని పోలేదు. అంటే కొంత గిటారు నుంచి, కొంత ఇంకెక్కడినుంచో. ఈసారి వాల్యూం పెంచి, కుర్రవాణ్ణి కూర్చున్నచోటే మెల్లగా గుండ్రంగా తిరగమన్నాం. ఒక దిక్కున రొద పెరిగింది, ఒక దిక్కున తగ్గింది. దిక్కును బట్టి మారేది అయస్కాంతపు రొద. వెతికితే కుర్చీ పక్కనే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు దొరికింది. ఆంప్లిఫయరు అమెరికా నుంచి బంధువులు తెచ్చింది, 120 వోల్టులది. ట్రాన్స్‌ఫార్మరును మూడు గజాలు దూరం జరిపాం. మొదటి రోగం కుదిరింది.

తరువాత మాండొలిన్. తీగలను చేత్తో తాకితే రొద తగ్గాలి. ఎందుకంటే వాద్యంలో తీగలను లోపల ఎర్తుకు కలుపుతారు. తాకగానే మన ఒళ్ళు ఆంటెనాలా ఉండటం మాని తెరలా మారుతుంది. ఇక్కడ తగ్గలేదు. విప్పి చూస్తే బ్రిడ్జి కింద టంకం ఊడిన తీగ ఒకటి వేలాడుతోంది. టంకం పెట్టించాం. రెండోదీ కుదిరింది.

మిగిలింది మూడోది, అన్నిటికన్నా మొండిది. ఆంప్లిఫయరు ప్లగ్గు వేదిక దగ్గర, మిక్సరు ప్లగ్గు హాలు వెనక. రెండూ ఎర్తుకు కలిసినవే, వాటి నడుమ ఆడియో కేబులు పై తొడుగు కూడా రెంటినీ కలుపుతోంది. అలా ఎర్తు తీగే పెద్ద వలయమైపోయి, అందులో 50 సైకిళ్ళ కరెంటు తిరుగుతోంది. రెండు ఎర్తుల్లో ఒకటి పీకేస్తే వలయం తెగి రొద ఆగుతుంది. పెద్దాయన మందు పనిచేసేది ఇక్కడే.

మరి ఎందుకు వద్దన్నాం? మేము హౌస్ సర్జన్సీ చేస్తున్నప్పుడు ఒక వినాయక చవితి రాత్రి పందిరి దగ్గర నుంచి మైకుసెట్టు కుర్రవాణ్ణి తెచ్చారు. పదిహేడో పద్దెనిమిదో ఏళ్ళుంటాయి. వానకు నేల తడిసి ఉంది. అరచేతిలో చిన్న కాలిన మచ్చ తప్ప ఒంటిమీద గాయం లేదు. ఇ.సి.జి. మీద కొనఊపిరి గీత కూడా రాలేదు. వెంట వచ్చినవాళ్ళు తీగను కూడా పట్టుకొచ్చారు. దాని ప్లగ్గుకు రెండే పిన్నులు. మూడోదాన్ని రొద పోవడానికని ఎవరో కోసేశారు.

ఇది మన పల్లెల కథే కాదు. 1972 మే నెలలో స్కాట్లండుకు చెందిన స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్లీ హార్వే వేల్స్‌లో స్వాన్‌సీ వేదిక మీద ఎర్తు సరిగాలేని మైకు తగిలి చనిపోయాడు. 1976లో యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ ఇంట్లో గిటారు వాయించుకుంటూ అలాగే పోయాడు. గిటారిస్టు చెయ్యి ఎప్పుడూ తీగల మీదే ఉంటుంది, పెదవి మైకు దగ్గర ఉంటుంది. రెంటికీ మధ్య ఉన్నది గుండె. ఒక మిల్లీఆంపియరు చిమచిమలాడిస్తుంది, పది పదిహేనుకు పిడికిలి బిగుసుకుపోయి వదల్లేడు. ఏభై నుంచి వంద ఛాతీ గుండా పోతే గుండె లయ చెదరి వణుకులో పడుతుంది. ఈ లెక్కలు తేల్చినవారిలో ముఖ్యుడైన అమెరికా ఆచార్యుడు డాల్జియెల్, కరెంటు దారి తప్పగానే సరఫరా తెంచే స్విచ్చిని 1961లో కనిపెట్టాడు. ఇళ్ళలో మనం చూసే 30 మిల్లీఆంపియర్ల బ్రేకరు ఆ వంశానిదే. అది ఉందికదా అని ఎర్తు పీకరాదు. కారుకు బ్రేకులున్నాయని స్టీరింగు వదిలేస్తామా?

మనవాళ్ళకు ఇక్కడ ఇంకొక అలవాటు కూడా ఉంది. ఊరి నుంచి తెచ్చిన రెండు పిన్నుల ప్లగ్గు ఇక్కడి చదరపు సాకెట్టులో పట్టకపోతే, ఎర్తు రంధ్రంలో పెన్నో స్క్రూడ్రైవరో గుచ్చి మూత తెరిచి, బలవంతాన దూర్చడం. మేమూ వచ్చిన కొత్తలో మిక్సీకి అదే చేశాం. ఊళ్ళో నాన్నగారు ఎర్తు గుంతలో ఉప్పూ బొగ్గూ వేయించి, వేసవిలో రోజూ చెంబెడు నీళ్ళు పోసేవారు. ఎండిన నేల కరెంటును తీసుకోదని ఆయనకు తెలుసు. ఇంతటి ఇసుక దేశానికి వచ్చి మనం ఆ చెంబును మరిచిపోయాం.

మూడో రోగానికి మందు ఏమిటంటే, ఆంప్లిఫయరునూ మిక్సరునూ ఒకే సాకెట్టు నుంచి, ఒకే ఎక్స్‌టెన్షను బోర్డు మీద నడిపాం. రెండు ఎర్తులూ ఒకే చోట కలిసేసరికి వలయం చిన్నదైపోయింది. కేబులు నడుమ చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టె ఒకటి పెట్టాం. అందులో పాట దాటుతుంది, ఎర్తు తీగ దాటదు. తెంచవలసి వస్తే తెంచవలసింది అక్కడ, పాట దారిలో. ప్రాణం దారిలో కాదు.

ఉగాదినాడు కార్యక్రమం చక్కగా జరిగింది. పూర్తిగా నిశ్శబ్దం వచ్చిందని చెప్పం. ముందు వరసలో కూర్చుని చెవి ఒగ్గితే సన్నగా ఇంకా వినబడుతూనే ఉంది. పెద్దాయన మా పక్కనే కూర్చున్నారు. పాట మధ్యలో మావైపు వంగి, "ఇంకా కొంచెం ఉన్నట్టుందండీ" అన్నారు. "ఉందండీ, ఉండనివ్వండి" అన్నాం. ఆయన తల ఊపి, మళ్ళీ పాట వినసాగారు.