గురియు గణితమును

పొదిలి ప్రాంతమున గురికాని ప్రశంస వచ్చినచో మనవా రర్జునుని తలంతురు. పిట్టకన్ను తప్ప మఱేమియు గానని దృష్టియే విజయహేతువని వారి నమ్మిక. ఆ కథయందు మాకును ప్రీతి గలదు. కాని తుపాకికి కన్నొక్కటియే చాలదు. చూపు ఋజురేఖ, గుండు పోవు త్రోవ వక్రరేఖ. ఈ రెంటిని కోరిన దూరమున గలుపుటయే గురి సర్దుట.

మార్కాపురపు పలకపై దీనిని లెక్కించి చూడవచ్చును. గుండు సెకనుకు 800 మీటర్లు పోవుననుకొందము. గాలి లేకున్నను, 100 మీటర్లలో నది 7.7 సెంటీమీటర్లు దిగును. దూరము మూడింతలైనచో దిగుడు తొమ్మిదింతలగును. కావున 100 మీటర్లకు సర్దిన తుపాకి 300 మీటర్ల యొద్ద దాదాపు 46 సెంటీమీటర్లు క్రిందుగా గొట్టును. గుండెకు దగులవలసినది కాలికి దగులును. కుంటుపడిన పులి అడవిలో వేటాడజాలక పల్లెపై బడినచో, ఆ తప్పునకు వెల యిచ్చువాడు వేటగాడు కాడు, పసులకాపరి. నల్లమలలో తుపాకులు మ్రోగిన దినములు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో గడచినవి. లెక్క మాత్రము మాఱలేదు.

ఇక గాలి మాట. గుండు త్రోవ పరవలయమని గెలీలియో 1638లో బ్రకటించెను. ఫిరంగివారు శతాబ్దముపాటు దానినే శాసనముగా బట్టుకొనిరి. బెంజమిన్ రాబిన్సు అను నాంగ్లేయుడు వ్రేలాడు కొయ్యదిమ్మను గుండుతో గొట్టి, దిమ్మ యెంత యూగెనో కొలిచి, గుండు వేగమును గనుగొనెను. వేర్వేరు దూరములనుండి కొట్టి చూడగా, గాలి నిరోధము పండితు లనుకొన్నదానికంటె మిక్కిలి హెచ్చని తేలెను. 1742లో నాతడు దీనిని గ్రంథస్థము చేయగా, 1745లో ఆయిలరు జర్మను భాషలోనికి దెచ్చెను. ప్రమాణగ్రంథమును కొయ్యదిమ్మ యోడించినది! ఈ రాబిన్సే కంపెనీవారి కోటలను బాగుచేయ 1750లో మన తీరమునకు వచ్చి, మఱుసటి యేడు కడలూరు చెంత సెయింటు డేవిడు కోటలో జ్వరముచే మరణించెను. క్లైవును వల్లించు మన పిల్లల కీ పేరును జెప్పినవా రరుదు.

1857 నాటి ఎన్‌ఫీల్డు తుపాకి తూటా క్రొవ్వువలన బ్రసిద్ధికెక్కినది. దాని వెనుక గురిపట్టెపై 100, 200, 300, 400 గజములకు మెట్లు గలవని యెఱిగినవారు కొలది. నేటి దుర్బిణిగురిలో ఆ మెట్లకు మాఱు త్రిప్పుడుమర యుండును. వృత్తమున 360 భాగములు, భాగమునకు 60 కళలు. మన జ్యోతిషుల కళయే యిది. 100 మీటర్ల యొద్ద కళ 2.9 సెంటీమీటర్లు, 300 యొద్ద 8.7. పెక్కు దుర్బిణులలో మర యొక్క టిక్కునకు పావుకళ కదలును. పై 46 సెంటీమీటర్లకు సుమారు 21 టిక్కులు కావలెను. గాలివలన నింకను గొన్ని. ఎన్ని యనునది కాగితముపై దేలదు. అందుచే నా దూరముననే మూడు గుండ్లు కొట్టి, వాని నడిమిచోటు చూచి, మరల మర త్రిప్పుదురు.