స్కాలర్‌షిప్ డబ్బు ఎవరి చేతికి?

నల్గొండ జిల్లాలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో జూనియర్ అసిస్టెంటుగా చేరినప్పుడు నాకు ఇచ్చింది స్కాలర్‌షిప్ సెక్షన్. సూపరింటెండెంటుగా రిటైరయ్యేదాకా సీట్లు మారాయి గానీ ఆ ఫైళ్లు మాత్రం నన్ను వదల్లేదు. పేదింటి పిల్లలు సర్కారు సొమ్ముతో పెద్ద చదువులు చదవడం మన దగ్గర ఎలా మొదలైందో, ఆ సొమ్ము ఎవరి చేతుల మీదుగా వస్తోందో రాయాలని చాలాకాలంగా ఉంది.

మా తాతల కాలంలో పేద పిల్లవాడి చదువు దాత మీద ఆధారపడేది. బ్రాహ్మణ కుర్రాళ్లు పట్నంలో వారాలు చేసుకుని చదివేవారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం మరొకరింట్లో భోజనం. ప్రకాశం పంతులుగారి మిడిల్ స్కూలు పరీక్ష ఫీజు 3 రూపాయల కోసం ఆయన తల్లి పట్టుచీర తాకట్టు పెట్టింది. ఆయన రాజమండ్రి చదువు గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి చలవ. హైదరాబాదు సంస్థానంలో సర్కారే కొందరిని పైచదువులకు పంపేది. సరోజినీ నాయుడు 1895లో ఇంగ్లండు వెళ్లింది నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే. ఆమె ప్రతిభను ఎవరూ కాదనరు. కానీ ఆమె తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ నిజాం కాలేజీకి ఆద్యుడు, దర్బారుకు తెలిసిన మనిషి. కొన్ని కులాల వాళ్లు తమ పిల్లల కోసం హాస్టళ్లు కట్టుకున్నారు. హైదరాబాదులో రెడ్డి హాస్టల్ 1918లో వచ్చింది. మరి మాల, మాదిగ పిల్లవాడు వారం అడగడానికి ఏ గడప తొక్కాలి? వాడికి గురువూ లేడు, దర్బారూ లేదు, సొంత కులానికి హాస్టల్ కట్టే స్తోమతా లేదు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు స్వయంగా ఒక స్కాలర్‌షిప్ విద్యార్థి. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ అంబేడ్కర్‌కు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లు ఇచ్చి కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపాడు. చదివొచ్చాక పదేళ్లు సంస్థానంలో కొలువు చేయాలన్నది షరతు. ఆ షరతు ప్రకారం 1917లో బరోడా వచ్చిన మనిషికి ఊళ్లో ఉండటానికి ఇల్లు ఇచ్చినవాళ్లు లేరు. ఒక్క మనిషి దయ ఎంతవరకు పనికొస్తుందో ఆయనకు అనుభవంలో తెలిసింది.

1942లో వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడయ్యాక అదే ఏడు ఆయన వైస్రాయి లిన్‌లిత్‌గోకు ఒక వినతిపత్రం ఇచ్చాడు. బనారస్, అలీగఢ్ విశ్వవిద్యాలయాలకు చెరో 3 లక్షలు ఏటా ఇస్తున్నారు, అస్పృశ్యుల చదువుకు మీరిస్తున్నదెంత అని లెక్క చూపి అడిగాడు. ఏటా 3 లక్షలు మంజూరయ్యాయి. 1944 నుంచి షెడ్యూల్డ్ కులాలకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ నడుస్తోంది. నాలుగేళ్లకు గిరిజనులకూ వచ్చింది. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికంటే పెద్ద మలుపు ఇదే. అంతకుముందు ఇచ్చేవాడు మనిషిని చూసి ఇచ్చేవాడు. ఇక నుంచి అర్హతను చూసి ఇవ్వాలి. 1959-60లో ఈ పథకం అమలు రాష్ట్రాలకు అప్పగించారు. అలా ఆ దరఖాస్తు మా కాలేజీ బల్ల మీదికి వచ్చింది.

నేను చేరిన రోజుల్లో దరఖాస్తులు రెండు రకాలు, ఫ్రెష్, రెన్యువల్. కులం, ఆదాయం సర్టిఫికెట్ల కోసం పిల్లలు తాలూకా ఆఫీసు దాకా వెళ్లి పడిగాపులు పడేవారు. 1985లో మండలాలొచ్చాక ఆ దూరం తగ్గింది. బోనఫైడ్, మార్కుల మెమో జతచేసి లిస్టు వేసి సాంఘిక సంక్షేమ శాఖకు పంపేవాళ్లం. శాంక్షన్ వచ్చి, బిల్లు ట్రెజరీలో పాసై, ప్రిన్సిపాల్ పేరున డబ్బు చేరేసరికి పరీక్షలు దగ్గరపడేవి.

పంపిణీ రోజు వరండాలో బల్ల వేసేవాళ్లం. డబ్బు ముట్టినట్టు సంతకాలు తీసుకునే పొడవాటి అక్విటెన్స్ రోల్, పక్కన తడిపిన స్పాంజి, 20 పైసల రెవెన్యూ స్టాంపులు. పిల్లవాడిని పేరు పెట్టి పిలిస్తే క్లాసు లెక్చరర్ చూసి అవునని చెప్పాలి. స్టాంపు అంటించి, సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడేలా సంతకం చేయించేవాణ్ని. అప్పుడు నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టడం. కొందరు తండ్రులు కూడా వచ్చి దూరంగా వేపచెట్టు కింద నిలబడేవారు. కొడుకు చేసిన సంతకం చూపించమని అడిగిన తండ్రి ఒకాయన నాకు ఇప్పటికీ గుర్తు. ఆయనకు చదవడం రాదు. ఆ గీతల మీద వేలు పెట్టి తడిమి, "గిది మావోని పేరేనా సారూ?" అన్నాడు.

గేటు బయట మెస్ నడిపేవాళ్లు కాచుకుని ఉండేవారు. అందిన డబ్బులో చాలా భాగం ఆ రోజే పాత బాకీలకు పోయేది. అయినా బాకీ తీర్చింది పిల్లవాడే. తనకెంత వచ్చిందో, ఎంత పోయిందో వాడికి తెలుసు.

ఆ వరుసలో నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది సంక్షేమ హాస్టళ్ల నుంచి వచ్చినవాళ్లు. హాస్టళ్లంటే ఎస్.ఆర్. శంకరన్ గారి పేరు తలవకుండా ఉండలేను. 70ల్లో సాంఘిక సంక్షేమ శాఖ చూసిన ఐఏఎస్ అధికారి ఆయన. పెళ్లి చేసుకోలేదు, సంపాదనలో ఎక్కువ భాగం పేద పిల్లల చదువులకే ఇచ్చాడు. వెనుకబడిన తరగతుల జాబితాలు 1970 నాటి అనంతరామన్ కమిషన్‌తో ఖాయమయ్యాక బీసీ పిల్లలూ మా వరుసలోకి వచ్చారు.

90ల తర్వాత ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టుకొచ్చాయి. 1993 ఉన్నికృష్ణన్ కేసు తీర్పుతో ఫ్రీ సీటు, పేమెంట్ సీటు అనే మాటలు ఊళ్లలోనూ వినపడ్డాయి. డిగ్రీ పిల్లవాడి వందలకూ ఇంజనీరింగ్ వేలకూ పొంతన లేదు. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ తెచ్చి ఆ అంతరం పూడ్చింది. దరఖాస్తులు ఆన్‌లైన్‌లో పెట్టే ఈపాస్ వెబ్‌సైటూ అప్పుడే వచ్చింది. ఆటో నడిపేవాళ్ల ఇళ్లలో, కల్లుగీసేవాళ్ల ఇళ్లలో ఇంజనీర్లు తయారయ్యారు. నా కళ్లతో చూశాను. దాని విలువను తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను.

కానీ ఒక మార్పు జరిగింది, దాని గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. మెస్ ఖర్చుల మొత్తం పిల్లవాడి ఖాతాకు, ట్యూషన్ ఫీజు కాలేజీ ఖాతాకు అని విడగొట్టారు. పెద్ద మొత్తం పిల్లవాడి కంట పడకుండానే వెళ్లిపోవడం మొదలైంది. 2012 నుంచి ఇంజనీరింగ్‌లో 10 వేల లోపు ర్యాంకుకు పూర్తి ఫీజు, మిగతావాళ్లలో ఎక్కువమందికి 35 వేలు అన్నారు. తేడా ఇంటివాళ్లు కట్టుకోవాలి. అటు ప్రభుత్వం ఇవ్వాల్సిందీ ఏళ్ల తరబడి బకాయి పడుతూ వచ్చింది. బిల్లుకు టోకెన్ నంబరు పడుతుంది, డబ్బు పడదు.

మా వీధిలో ఒకమ్మాయి బీటెక్ పాసైంది. ఉద్యోగం వచ్చింది, చేరడానికి ఒరిజినల్స్ కావాలి. మా ఇంటికొచ్చి, "పైసలు గట్టేదాంక మెమోలు ఇయ్యమంటున్నరు సార్. సర్కార్ ఇచ్చినంక వాపసు ఇస్తరంట" అంది. వాళ్ల నాన్న వడ్డీకి తెచ్చి కట్టాడు. సర్కారు కాలేజీకి పడ్డ అప్పును ఆ ఇల్లు తన నెత్తిన వేసుకుంది.

రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో 1956కు ముందు నుంచి ఇక్కడున్న కుటుంబాల పిల్లలకే అనే స్థానికత షరతుతో ఫాస్ట్ అనే ఫీజు పథకం ప్రకటించి, కోర్టులో నిలవక వెనక్కి తీసుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో విద్యాదీవెన పేరుతో ఫీజు డబ్బు తల్లుల ఖాతాల్లో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీలకే ఇవ్వాలని నిర్ణయించారు. తల్లి ఖాతాకు వేసినప్పుడు కట్టకుండా వాడుకున్నవాళ్లు లేకపోలేదు. అయినా డబ్బు ఎప్పుడొచ్చింది, ఎంతొచ్చింది అన్నది ఇంటివాళ్లకు తెలియాలి. ఎవరి ఖాతాకు పోయినా సరే, విద్యా సంవత్సరం మొదట్లోనే పోవాలి. కోర్సు ముగిసిన ఏడాదికి వచ్చే స్కాలర్‌షిప్ చదువుకు సాయం కాదు.

తల్లిదండ్రులకు నా మనవి. పోర్టల్ తెరవగానే దరఖాస్తు పెట్టించండి. ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు ఒక్కటేనా చూసుకోండి, చాలా దరఖాస్తులు అక్కడే ఆగుతాయి. అప్లికేషన్ నంబరు పిల్లల దగ్గరే కాదు, మీ దగ్గరా ఉంచుకోండి. కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని, తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు కాపీ ఒకటి దగ్గర పెట్టుకుని మరీ అడగండి.