చెన్నపురి కోటలోని మేరీమాత దేవాలయము

చెన్నపట్టణపుఁ గోటకు నేఁడు వచ్చువారిలోఁ బెక్కుమంది సచివాలయమునఁ బనులు గలవారే. వాహనముల రొదయు, అర్జీలు చేతఁబట్టినవారి తొందరయు, రక్షకభటుల తనిఖీయు దాఁటి కొంతదూరము నడచినచో సున్నపుఁ బూఁతగల యొక ప్రాచీన దేవాలయము కానవచ్చును. లోనఁ గూర్చున్నవానికి వెలుపలి సందడి మిక్కిలి సన్నగిల్లును. కేవల మీ నెమ్మదికొఱకే వచ్చువారును గలరు. అయిన నిది భక్తికంటె ఫిరంగిగుండ్ల భయమునఁ గలిగిన నెమ్మది యని యెఱిఁగినవారు తక్కువ.

దామెర్ల వెంకటాద్రి నాయకుఁ డీ తీరభూమి నాంగ్లేయుల కొసఁగినది 1639లో. అటుపిమ్మట నించుమించు నలువదేండ్లవఱకుఁ గోటలో నాంగ్లేయులకుఁ బ్రత్యేకమైన ప్రార్థనామందిరము లేదు. స్ట్రేన్‌షామ్ మాస్టరు గవర్నరుగా నుండఁగాఁ జందాలతో నీ పని మొదలుపెట్టెను. 1678 మార్చి 25వ తేది మేరీమాత పండుగనాఁడు పునాది పడెను గనుక నా పేరే నిలిచినది. 1680 అక్టోబరు 28న నిది ప్రతిష్ఠింపఁబడెను. వెలిగోడల మందము నాలుగడుగులు. పైకప్పు దూలములతోఁ గాక రెండడుగుల మందమున నిటికసున్నములతో గుమ్మటపు వాలుగాఁ గట్టఁబడినది. గుండు పడినను గూలరాదన్నదే దీని యుద్దేశము. దేవాలయమునకుఁ గోటబురుజు లక్షణ మేల యని యడుగఁ బనిలేదు. సముద్రమునుండి శత్రునౌకలు గుండ్లు వేయఁగల చోట నిది నిలిచినది.

ప్రతిష్ఠ జరిగిన వారము దినములకే, నవంబరు 4న, ఎలిహు యేలు జోసెఫ్ హైన్మర్సు విధవయగు కేథరిన్‌ను నిచ్చట వివాహమాడెను. 1753లో రాబర్టు క్లైవు పెండ్లియు నిచ్చటనే జరిగెను. యాత్రికులకుఁ జూపువా రీ రెండు పెండ్లిండ్లనే ముందు చెప్పుదురు. చరిత్రకారునికిఁ బనికివచ్చునవి యావరణమునఁ బఱచియున్న సమాధిశిలలు.

ఆ శిలలపై నడచువాఁడు తన కాళ్లక్రింద మృతులున్నారని తలఁచును. అది పొరపాటు. వానిలో ఏరన్ బేకరు భార్య యెలిజబెత్తు శిల 1652 నాఁటిది. అనఁగా దేవాలయపుఁ బునాదికి 26 ఏండ్లు ముందటిది. ఈ యొక్క లెక్కయే శిలలు వేఱొకచోటనుండి వచ్చినవని తెలుపఁజాలును. నాఁటి శ్మశానము కోటకు వెలుపల, నేఁటి హైకోర్టు ప్రాంతమున నుండెను. 1758 డిసెంబరునుండి 1759 ఫిబ్రవరివఱకు లాలీ సేనలు కోటను ముట్టడించినపు డెత్తైన యా సమాధులు ఫ్రెంచివారికిఁ జాటయ్యెను. ముట్టడి వీడినపిదప నాంగ్లేయులు వానిని గూలఁద్రోసి, శాసనముల శిలలను మాత్రము తెచ్చి దేవాలయముచుట్టును బఱచిరి. హైన్మర్సు సమాధివంటి యొకటి రెండు మాత్రమే యచ్చట మిగిలెను. హైదరాలీతోడి యుద్ధమునఁ గొన్ని శిలలు మరలఁ బెకలింపఁబడి బురుజులపై ఫిరంగుల క్రిందికిఁ బోయెను. లాటిను, పోర్చుగీసు, ఆర్మీనియను లిపులతో శ్రద్ధగాఁ జెక్కించిన యా పేళ్లపై బండిచక్రములు దొర్లెనన్నమాట. పేరొకచోట, అస్థు లొకచోట.

లోపల నిద్రించువారి కథలును దిన్ననివి కావు. లాలీ ముట్టడిని దాఁటించిన గవర్నరు పిగట్టు తిరిగి గవర్నరై వచ్చి, 1776లో స్వంత కౌన్సిలువారి చేతనే బంధింపఁబడి, 1777లో నిర్బంధముననే మరణించి యిచ్చట ఖననము చేయఁబడెను.

తెలుఁగువారి కిందుఁ జూడఁదగినది సర్ తామస్ మన్రో సమాధి. దత్తమండలములకుఁ గలెక్టరుగా 1800 మొదలు 1807 వఱకుఁ బనిచేసి, రైతువారీ పద్ధతిని నాటి, పిదప మద్రాసు గవర్నరైన యితఁడు, 1827 జూలై 6న పర్యటనలో నుండఁగాఁ బత్తికొండయొద్ద వాంతిభేదిచే మరణించెను. కళేబరమును గుత్తికిఁ గొనిపోయి పాఁతిపెట్టిరి. నాలుగేండ్ల కస్థులను ద్రవ్వి 1831లో నీ దేవాలయమునకుఁ జేర్చిరి. ఇక్కడ మన్రో శిలాశాసనముక్రింద మన్రోయే యున్నాఁడు. ఆవరణములోని శిలల కా భాగ్యము లేదు. అయినను రాయలసీమ పల్లెలలోఁ బిల్లలకు మన్రోలప్ప యని పేరిడినవారు చెన్నపురి సమాధిని జూచి పెట్టలేదు. గుత్తిలో నాతని మొదటి సమాధియు నిలిచియున్నది.