కొత్త ఫ్లాగ్‌షిప్ ఫోన్ కొనాలా, ఉన్నదానితోనే కొనసాగాలా? సూరత్ తెలుగువారు వేసుకోవలసిన లెక్కలు

సూరత్‌లో తెలుగు మాట వినిపించే చోట్లకు కొదవ లేదు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరతరాలుగా వలస వచ్చిన చేనేత కుటుంబాలు లింబాయత్ పరిసరాల్లో స్థిరపడి మరమగ్గాలపై పనిచేస్తున్నాయి. నగరపాలక సంస్థ విద్యా సమితి నడిపే పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్లంతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. రింగ్‌రోడ్డు బట్టల మార్కెట్ల నుంచి తెలుగు రాష్ట్రాల దుకాణాలకు చీరలు నిత్యం తరలివెళ్తుంటాయి.

ఈ కుటుంబాలకు సెల్‌ఫోన్ కేవలం మాట్లాడుకునే సాధనం కాదు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు డబ్బు పంపేది దానితోనే. పిల్లల ముఖం చూసేది, చీరల నమూనాలు బేరగాళ్లకు చూపేది, రైలు టికెట్ తీసుకునేది కూడా దానితోనే. అందువల్ల ఏటా మార్కెట్లోకి వచ్చే ఖరీదైన కొత్త ఫోన్ కొనాలా, వద్దా అన్న ప్రశ్న ఇంటి బడ్జెట్‌తో పాటు ఇంటి భద్రతకూ సంబంధించినది. ఆ నిర్ణయానికి ముందు పరిశీలించవలసిన అంశాలను ఈ కథనం వివరిస్తుంది.

ఫ్లాగ్‌షిప్ అంటే ఏమిటి?

ఒక కంపెనీ తన ఫోన్లన్నింటిలో పై మెట్టున నిలిపే నమూనాను ఫ్లాగ్‌షిప్ అంటారు. మేలైన ప్రాసెసర్, కెమెరా, తెర ముందుగా వీటిలోనే వస్తాయి. యాపిల్ తన ప్రధాన ఐఫోన్లను సాధారణంగా సెప్టెంబరులోనూ, శాంసంగ్ తన గెలాక్సీ ఎస్ శ్రేణిని ఏడాది తొలి నెలల్లోనూ విడుదల చేస్తూ వస్తున్నాయి. 2024 సెప్టెంబరులో ఐఫోన్ 16 మన దేశంలో రూ.79,900 ప్రారంభ ధరతో వచ్చింది. 2025 జనవరిలో గెలాక్సీ ఎస్25 అల్ట్రా ప్రారంభ ధర రూ.1,29,999. సెల్‌ఫోన్లపై 18 శాతం జీఎస్టీ ఉంది. 2020 ఏప్రిల్ 1కి ముందు ఇది 12 శాతమే.

మొదట చూడవలసింది భద్రతా అప్‌డేట్ల గడువు

ఫోన్ పాతబడిందని చెప్పడానికి కొన్న తేదీ కన్నా భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన తేదీయే సరైన కొలమానం. ఫోన్ నడిపే సాఫ్ట్‌వేర్‌లో లోపాలు ఎప్పటికప్పుడు బయటపడుతుంటాయి. కంపెనీలు వాటిని సరిదిద్ది అప్‌డేట్లు పంపుతాయి. గడువు ముగిశాక అవి రావు. ఫోన్ పైకి బాగానే పనిచేస్తుంది, కాని కొత్తగా బయటపడిన లోపాలు దానిలో అలాగే ఉండిపోతాయి. బ్యాంకు ఖాతా, యూపీఐ ఉన్న ఫోన్‌లో ఇది చిన్న విషయం కాదు.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఫోన్ గురించిన వివరాల్లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీని చూడవచ్చు. అది ఏడాదికి మించి పాతదైతే, కొత్త అప్‌డేట్ కోసం వెతికినా ఏమీ రాకపోతే, ఆ ఫోన్ గడువు తీరినట్టే భావించాలి.

ఈ గడువు విషయంలో ఇటీవల పెద్ద మార్పు వచ్చింది. గూగుల్ 2023 అక్టోబరులో పిక్సెల్ 8కు, శాంసంగ్ 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24 శ్రేణికి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించాయి. ఈ సౌకర్యం పై తరగతి ఫోన్లకే పరిమితం కాలేదు. 2024 అక్టోబరులో రూ.18,999 ప్రారంభ ధరతో వచ్చిన గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్ల అప్‌డేట్ల హామీ ఉంది. ఎక్కువ కాలం భద్రంగా వాడుకోవడానికి ఖరీదైన ఫోనే కొనాలన్న వాదన దీనితో బలహీనపడింది. అయితే అన్ని కంపెనీల మధ్యతరగతి ఫోన్లకు ఇంత గడువు ఉండదు. కొనే ముందు ఆ నమూనాకు ఎన్నేళ్ల హామీ ఉందో, అది ఏ తేదీ నుంచి లెక్కకు వస్తుందో అడిగి తెలుసుకోవాలి. గడువును సాధారణంగా ఫోన్ మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి లెక్కిస్తారు, మనం కొన్న రోజు నుంచి కాదు. కాబట్టి రెండేళ్ల కిందటి నమూనాను తగ్గింపు ధరకు కొంటే, గడువులో రెండేళ్లు అప్పటికే గడిచిపోయి ఉంటాయి.

ఫోన్ అరిగిందా, బ్యాటరీ అరిగిందా?

ఫోన్ మార్చాలనిపించడానికి తరచూ కారణమయ్యేది ఛార్జింగ్ నిలవకపోవడం. లిథియం అయాన్ బ్యాటరీ ఛార్జ్ అయిన ప్రతిసారీ కొంత సామర్థ్యాన్ని కోల్పోతుంది. ఐఫోన్ 14, అంతకు ముందు నమూనాల బ్యాటరీలు 500 పూర్తి ఛార్జింగుల తర్వాత, ఐఫోన్ 15 శ్రేణివి 1,000 ఛార్జింగుల తర్వాత 80 శాతం సామర్థ్యాన్ని నిలుపుకొనేలా రూపొందించామని యాపిల్ చెబుతోంది.

ఈ అరుగుదలను వేడి మరింత పెంచుతుంది. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య వాతావరణంలో వాడాలన్నది యాపిల్ సూచన. సూరత్ వేసవిలో పగటి ఉష్ణోగ్రత ఆ గీత దాటే రోజులు అనేకం. మరమగ్గాల షెడ్లలో యంత్రాల వేడి దానికి తోడవుతుంది. ఛార్జింగ్ పెట్టిన ఫోన్‌ను మగ్గం పక్కనో, కిటికీ ఎండలోనో ఉంచకపోవడం దాని ఆయుష్షును పెంచే సులువైన మార్గం.

షెడ్లలో ఎగిరే నూలు పీచు ఛార్జింగ్ రంధ్రంలో పేరుకుంటే వైరు సరిగా కూర్చోదు. అది బ్యాటరీ లోపంలా కనిపిస్తుంది. ముందుగా ఆ రంధ్రాన్ని మరమ్మతు దుకాణంలో శుభ్రం చేయించి చూడాలి. అప్‌డేట్ల గడువు మిగిలి ఉన్న ఫోన్‌కు కంపెనీ సేవా కేంద్రంలో బ్యాటరీ మార్పిస్తే, కొత్త ఫోన్ ధరలో స్వల్ప భాగంతోనే మరి రెండు మూడేళ్లు గడవవచ్చు. నిల్వ నిండిపోయినా ఫోన్ నెమ్మదిస్తుంది. అనవసరమైన వీడియోలు, వాట్సాప్‌లో వచ్చిపడిన ఫైళ్లు తొలగించడం వల్ల వేగం తిరిగి రావచ్చు.

మరమ్మతు సమాచారం ఒకేచోట లభించేలా కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్‌ను ప్రారంభించింది. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి ఫోన్ తయారీదారులు విక్రయాలు ముగిశాక కనీసం ఐదేళ్ల వరకు అప్‌డేట్లు అందించాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది.

5జీ కోసమే మార్చాలా?

మన దేశంలో 5జీ సేవలు 2022 అక్టోబరు 1న ప్రారంభమయ్యాయి. పెద్ద వీడియోలు వేగంగా పంపవలసినవారికి, ఇంటి ఇంటర్నెట్‌కు బదులుగా ఫోన్‌నే వాడేవారికి దానివల్ల ప్రయోజనం ఉంది. యూపీఐ చెల్లింపులకు, వాట్సాప్ మాటలకు, మామూలు వీడియో కాల్‌కు 4జీ సరిపోతుంది. కేవలం ఈ పనులకే ఫోన్ వాడేవారు 5జీ కోసం మార్చవలసిన అవసరం లేదు. ఎలాగూ కొత్తది కొనవలసి వస్తే మాత్రం 5జీ ఉన్నదే తీసుకోవడం మేలు. ఇప్పుడు మధ్యతరగతి ఫోన్లలోనూ అది లభిస్తోంది.

ఖరీదైన ఫోన్ ఎవరికి పనికివస్తుంది?

ఫ్లాగ్‌షిప్ కొనడం తప్పేమీ కాదు. దాని వల్ల ఆదాయం పెరిగేవారికి అది పెట్టుబడి అవుతుంది. చీరల రంగు, జరీ మెరుపు, నేత అల్లిక ఉన్నది ఉన్నట్టు చూపవలసిన వ్యాపారికి మంచి కెమెరా ఉపయోగపడుతుంది. రంగు తేడా వచ్చిందని సరుకు తిరిగి వస్తే జరిగే నష్టం అతనికి తెలుసు. అయినా ఇక్కడ ఒక పరీక్ష అవసరం. ఒకే చీరను ఒకే వెలుతురులో పాత ఫోన్‌తో, కొత్త ఫోన్‌తో తీసి, రెండు ఫొటోలనూ వాట్సాప్‌లో పంపి చూడాలి. వాట్సాప్ ఫొటోల పరిమాణాన్ని కుదిస్తుంది. అవతలివారి తెరపై తేడా కనిపించకపోతే ఆ డబ్బును మంచి దీపాలపై పెట్టడం లాభం. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారులు వ్యాపారం కోసం కొన్న ఫోన్‌పై చెల్లించిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ పొందే వీలుంది. అందుకు బిల్లుపై తమ జీఎస్టీ సంఖ్య ఉండాలి.

ధరను నెలలతో భాగించండి

ఫోన్ అసలు ఖర్చు తెలియాలంటే దాని ధరను వాడబోయే నెలలతో భాగించాలి. రూ.79,900 ఫోన్‌ను ఏడేళ్లు వాడితే నెలకు సుమారు రూ.951 పడుతుంది. అదే ఫోన్‌ను రెండేళ్లకే పక్కన పెడితే నెలకు రూ.3,329 అవుతుంది. రూ.18,999 ఫోన్‌ను ఆరేళ్లు వాడితే నెలకు రూ.264. పాత ఫోన్ అమ్మగా వచ్చే మొత్తాన్ని మినహాయించుకోవచ్చు. ఖరీదైన ఫోన్ ఎక్కువ కాలం వాడేవారికే గిట్టుబాటు అవుతుందని, ఏటేటా మార్చేవారికి అది భారమేనని ఈ లెక్క చెబుతుంది.

రెండో కొలత రోజులది. ఫోన్ ధర సంపాదించడానికి ఎన్ని రోజులు మగ్గం నడపాలో లెక్కించుకోవాలి. పనిని బట్టి కూలి అందే చోట, ఆర్డర్లు తగ్గి మగ్గాలు ఆగిన నెలలో కూడా వాయిదా మాత్రం ఆగదు.

వడ్డీ లేని వాయిదాల వెనుక

పండుగ అమ్మకాల్లో ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. సున్నా శాతం వడ్డీ అన్నది వాస్తవంలో లేదని, ఇటువంటి పథకాల్లో వడ్డీ వేరే రూపంలో దాగి ఉంటుందని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే స్పష్టం చేసింది. చాలా సందర్భాల్లో వడ్డీకి సమానమైన మొత్తాన్ని ముందుగా ధరలో తగ్గించి చూపుతారు. ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీని మాత్రం కొనుగోలుదారే భరించాలి.

ఉదాహరణకు నెలకు రూ.5,000 చొప్పున 12 వాయిదాలకు రూ.60,000 ఫోన్ తీసుకున్నారనుకుందాం. బ్యాంకు వార్షిక వడ్డీ 16 శాతమైతే ఆ వాయిదాల్లో దాగిన వడ్డీ సుమారు రూ.4,900. దానిపై జీఎస్టీ సుమారు రూ.880. ప్రాసెసింగ్ రుసుము దీనికి అదనం. అదే ఫోన్‌ను ఒకేసారి డబ్బు చెల్లించి కొంటే ఎంత తగ్గింపు ఇస్తారో అడగాలి. ఆ తేడాయే వాయిదాల అసలు వెల. బ్యాంకులు, రుణ సంస్థలు రుణం ఇచ్చే ముందు అన్ని ఛార్జీలతో కూడిన వివరపత్రం ఇవ్వాలి. అందులోని వార్షిక వ్యయ శాతాన్ని చూడకుండా సంతకం చేయరాదు.

కొంత ఆగితే లాభమా?

కొత్త నమూనా వచ్చినప్పుడు పాత దాని ధర తగ్గడం మామూలే. 2024 సెప్టెంబరులో ఐఫోన్ 16 రాగానే ఐఫోన్ 15 ధర రూ.79,900 నుంచి రూ.69,900కు దిగింది. తక్షణ అవసరం లేనివారు కొత్త నమూనా వచ్చే నెల వరకు వేచి ఉండి, ముందటి సంవత్సరం నమూనాను పరిశీలించవచ్చు. అప్పుడు అప్‌డేట్ల గడువులో ఒక ఏడాది తగ్గుతుందన్నది గుర్తుంచుకోవాలి.

వాడిన ఫోన్ కొనేవారు దాని 15 అంకెల ఐఎంఈఐ సంఖ్యను తప్పక పరీక్షించాలి. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే ఆ సంఖ్య తెరపై కనిపిస్తుంది. టెలికాం శాఖ 2023 మేలో దేశవ్యాప్తంగా అందుబాటులోకి తెచ్చిన సంచార్ సాథీ పోర్టల్‌లో దానిని నమోదు చేస్తే ఆ ఫోన్ దొంగిలించినదిగా నిరోధక జాబితాలో ఉందో లేదో తెలుస్తుంది. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లోనో మరో రైల్లోనో ఊరికి వెళ్లే దారిలో ఫోన్ పోతే, పోలీసులకు ఫిర్యాదు చేసి ఇదే పోర్టల్ ద్వారా దానిని పనిచేయకుండా చేయవచ్చు. అందుకే బిల్లును, ఐఎంఈఐ సంఖ్యను ఇంట్లో వేరుగా రాసి ఉంచుకోవాలి.

పాత ఫోన్ ఊరికి పంపుతున్నారా?

కొత్తది కొన్నాక పాతదాన్ని ఊళ్లోని తల్లిదండ్రులకు ఇవ్వడం చాలా ఇళ్లలో అలవాటు. ఆ ఫోన్‌కు అప్‌డేట్లు ఇంకా వస్తుంటే అది మంచి పనే. గడువు తీరిన ఫోన్‌లో వారి పింఛను ఖాతా, యూపీఐ పెట్టిస్తే మాత్రం ఆ ప్రమాదాన్ని, మోసాలను గుర్తించే అనుభవం తక్కువగా ఉన్నవారికి అప్పగించినట్టవుతుంది. అటువంటి ఫోన్‌ను మాటలకు, పాటలకు, రేడియో వినడానికి పరిమితం చేయాలి. డబ్బు లావాదేవీలు అందులో వద్దు. సైబర్ మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలన్న సంగతి వారికి చెప్పి ఉంచాలి.

ఫోన్ మార్చే రోజున

యూపీఐ ఖాతా ఫోన్‌కు, సిమ్‌కు ముడిపడి ఉంటుంది. కొత్త ఫోన్‌లో బ్యాంకుకు ఇచ్చిన నంబరు గల సిమ్ నుంచి సందేశం పంపి మళ్లీ నమోదు చేసుకోవాలి. మార్చిన తొలి రోజున పంపగల మొత్తంపై పరిమితి ఉంటుంది. కాబట్టి ఊరికి డబ్బు పంపవలసిన రోజున ఫోన్ మార్చకపోవడం మంచిది. పాత ఫోన్‌ను అమ్మే ముందు, మార్పిడికి ఇచ్చే ముందు ఫొటోలు భద్రపరచుకుని, గూగుల్ లేదా యాపిల్ ఖాతా నుంచి బయటికి వచ్చి, ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. కొనుగోలుపై వివాదం వస్తే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915ను సంప్రదించవచ్చు.

నిర్ణయం ఎలా?

భద్రతా అప్‌డేట్లు వస్తూ, బ్యాటరీ ఒక్కటే బలహీనపడితే ఫోన్ మార్చనక్కరలేదు, బ్యాటరీ మారిస్తే చాలు. అప్‌డేట్లు ఆగిపోయి, అదే ఫోన్‌లో బ్యాంకు ఖాతా నడుస్తుంటే మార్చడం అవసరం. అది ఫ్లాగ్‌షిప్పే కానవసరం లేదు, దీర్ఘకాలం అప్‌డేట్ల హామీ ఉన్న మధ్యతరగతి ఫోన్ ఆ అవసరాన్ని తీరుస్తుంది. కెమెరా వల్లనో వేగం వల్లనో ఆదాయం పెరుగుతుందని లెక్కలో తేలినవారు, అప్పు లేకుండా కొనగలిగినవారు ఫ్లాగ్‌షిప్ తీసుకోవచ్చు. పక్కవారి చేతిలో కొత్త ఫోన్ కనిపించిందన్నది మాత్రమే కారణమైతే, ఆ వాయిదాల డబ్బు ఇంటికి పంపడమే మెరుగు.