బోల్టు ఎంత బిగించాలి?

మా మామకు హోసూరులో లారీ మెకానిక్ షెడ్డు ఉంది. పోయిన ఎండాకాలం సెలవుల్లో ఆయన ఒక లారీ టర్బో విప్పి, సీళ్లు మార్చి, మళ్లీ బిగించాడు. వారం తిరక్కముందే టమోటా లోడుతో పోతున్న ఆ లారీకి టర్బో బోల్టు ఒకటి తెగింది. పొగ బయటికి కొట్టి, లాగే బలం లేక బండి ఘాట్‌లో నిలిచిపోయింది. ఓనరు షెడ్డుకొచ్చి అరిచాడు. "గట్టిగానే బిగించినా కదప్పా" అన్నాడు మామ. ఆ గట్టితనమే తప్పని తర్వాత తెలిసింది. ఈ 'ఎంత' అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చిందా అని నేను వెదకడం అప్పుడే మొదలుపెట్టాను.

ముందు మరల సంగతి. ఒకప్పుడు ఇంగ్లండులో ఒక్కో కార్ఖానాది ఒక్కో మర. ఒకరి బోల్టుకు ఇంకొకరి నట్టు పట్టేది కాదు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలు ఉండాలని ఒక కొలత పెట్టారు.

టర్బోకు మూలం స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి. వృథాగా పోయే ఇంజన్ పొగతో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసుకున్న ఇంకో చక్రంతో ఇంజన్‌లోకి గాలి నెట్టించవచ్చని ఆయన ఆలోచన. 1905లో పేటెంట్ తీసుకున్నా, పని జరిగేసరికి ఇరవై ఏళ్లు పట్టింది. 1920లలో రెండు జర్మన్ ఓడల డీజిల్ ఇంజన్లకు టర్బో పెడితే 1750 గుర్రాల బలం 2500 అయింది. నాకు ఇంకా నచ్చింది అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ చేసిన పరీక్ష. 1918లో ఆయన విమానం ఇంజన్‌ను 14 వేల అడుగులు దాటిన పైక్స్ పీక్ కొండ మీదికి మోయించారు. పైన గాలి పలచన కదా, 350 గుర్రాల ఇంజన్ 230కి పడిపోయింది. టర్బో తగిలిస్తే 356 వచ్చింది!

విచిత్రమేమిటంటే టార్క్ రెంచ్ కథ కూడా 1918లోనే మొదలైంది. న్యూయార్క్ నగర నీటి శాఖలో పనిచేసే కాన్రాడ్ బార్, భూమిలోని పైపుల బోల్టులను పనివాళ్లు అతిగా బిగించకుండా దాన్ని తయారుచేశారు. మా మామ కష్టమే ఆయనదీ.

బోల్టు బిగిస్తే అది రవ్వంత సాగుతుంది, రబ్బరు లాగా వెనక్కి లాగుతుంది. ఆ లాగుడే పట్టు. హద్దు దాటి సాగితే తిరిగి రాదు. తక్కువైతే అదురుకు వదులవుతుంది. ఇంకో చిక్కుంది. మనం పెట్టే బలంలో సుమారు పదోవంతే బోల్టును లాగుతుంది, మిగతాదంతా రాపిడికే పోతుంది. అందుకే మరకు గ్రీజు రాస్తే రాపిడి తగ్గి, అదే బలానికి బోల్టు ఎక్కువ సాగుతుంది. మామ చేసింది అదే. వేడికి పట్టేయకూడదని గ్రీజు రాశాడు, పైగా స్పానర్‌కు పైపు తొడిగి లాగాడు.

ఇప్పుడు షెడ్డులో టార్క్ రెంచ్ ఉంది. బోల్టులను వరసగా కాక ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగిస్తాడు. కంప్రెసర్ చక్రం నట్టు దగ్గర మాత్రం ఊపిరి బిగబడతాడు. పిడి పక్కకు ఒరిగితే సన్నటి ఇరుసు వంగుతుంది, నిమిషానికి లక్ష చుట్లు తిరిగేటప్పుడు ఆ వంపు చాలు. కొన్ని టర్బోలలో ఆ నట్టుది ఎడమ మర కూడా.

"పాపా, పుస్తకంలో నంబరు ఇంకోసారి చదువు" అంటాడు. నేను చదువుతాను. 'టక్' మన్నాక ఇంకో పట్టు వేయాలని ఆయన చెయ్యి ఇప్పటికీ పీకుతూనే ఉంటుంది.